సిస్టర్లు మారతారు, టీచర్లు ఉంటారు: పాపను కాన్వెంటులో చేర్చాలనుకుంటున్న రాయగడ తల్లికి

రాయగడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాపకు వచ్చే వేసవికి ఆరేళ్లు నిండుతాయి, ఒకటో తరగతిలో చేర్చాలి. ఇంటికి దగ్గర్లో సిస్టర్లు నడిపే సీబీఎస్‌ఈ స్కూలు ఉంది. భర్తకేమో పార్వతీపురంలో ఒక ఇంగ్లిష్ మీడియం స్కూలు మీద మనసుంది. బస్సు ఇంటి దాకా వస్తుంది, రానూపోనూ మూడు గంటలు. అత్తగారు "కిరస్తానీ బడిలో వేస్తే పిల్ల మనకు కాకుండా పోతుంది" అంటున్నారు. వాళ్లు హిందువులు. పక్కింట్లో ఒక తెలుగు క్యాథలిక్ కుటుంబం ఉంది, వాళ్లకూ అదే వయసు బాబు ఉన్నాడు, వాళ్లూ ఇదే ఆలోచనలో ఉన్నారు. క్యాథలిక్ స్కూల్లో చదివించడం మంచిదేనా, ఏం చూసి నిర్ణయించుకోవాలి అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, నేను 27 ఏళ్లు టీచరుగా పనిచేశాను. అందులో 19 ఏళ్లు ఒడిశాలోనే, సిస్టర్లు నడిపే రెండు స్కూళ్లలో. మేమూ హిందువులమే. మా పిల్లలిద్దరూ అలాంటి స్కూల్లోనే చదివారు. అందుకే మీ అత్తగారి భయమూ తెలుసు, మీ ఆశా తెలుసు. నా మాట ముందే చెప్పేస్తాను. ఆరేళ్ల పిల్లకు మూడు గంటల బస్సు వద్దు. సిస్టర్ల స్కూలు మంచిదే కావచ్చు. కానీ అది సిస్టర్లను చూసి తేల్చుకునేది కాదు, టీచర్లను చూసి తేల్చుకోవాలి. ఎందుకో చెబుతాను.

అంతకంటే ముందు ఒక చిన్న సంగతి. మనవైపు చర్చితో సంబంధం ఉన్న ప్రతి బడినీ "మిషన్ స్కూలు" అనేస్తాం. కానీ అవన్నీ ఒక్కటి కావు. పర్లాకిమిడి వైపు మిషన్ అంటే ఎక్కువగా కెనడా బాప్టిస్టులది. జయపురం, కోరాపుట్టు వైపు లూథరన్లది, జర్మనీ మిషనరీలు 1882లో మొదలుపెట్టింది. క్యాథలిక్కులు వేరు. 19వ శతాబ్దంలో విశాఖపట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ అనే సన్యాస సంఘం గురువులు (ఫాదర్లు) గంజాం వైపు వచ్చారు. ఆ తర్వాత 1922లో స్పెయిన్ నుంచి విన్సెంట్ సభ గురువులు వచ్చారు. బరంపురం 1974లో వేరే మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) అయింది. మీ రాయగడ దాని కిందే ఉండి, 2016లో సొంత మేత్రాసనం అయింది. ఈ చరిత్ర మీకెందుకు అనుకోకండి. స్కూలు ఎవరిదో తెలిస్తే, ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ పైన ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది.

బోర్డు మీద "సెయింట్" అని ఉన్నంత మాత్రాన అది క్యాథలిక్ స్కూలు కాదు. ఈ పదిహేనేళ్లలో మన చిన్న ఊళ్లలో సెయింట్ పేర్లతో ప్రైవేటు స్కూళ్లు చాలా వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఏ చర్చితోనూ సంబంధం లేదు. పేరు చూసి జనం వస్తారని పెట్టుకున్నవి. క్యాథలిక్ చర్చి చట్టం ప్రకారం చర్చి అధికారి ఒప్పుకోకుండా ఏ స్కూలూ తనను క్యాథలిక్ స్కూలు అని చెప్పుకోకూడదు. ఆఫీసులోకి వెళ్లి మామూలుగా అడగండి, "ఇది మేత్రాసనం వారి స్కూలా, ఏదైనా సభ వారిదా? ఏ సభ సిస్టర్లు?" నిజంగా వాళ్లదైతే అటెండరు కూడా ఠక్కున చెబుతాడు. నసిగితే అనుమానించండి.

ఇక అసలు విషయం. ఫాదర్లకు, సిస్టర్లకు బదిలీలు ఉంటాయి. వాళ్లు ఉద్యోగానికి వచ్చినవాళ్లు కాదు, వాళ్ల సభ పెద్దలు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి. నేను ఒకే స్కూల్లో ఉండగా అయిదుగురు ప్రిన్సిపాళ్లను చూశాను. మొదటి సిస్టరు ఉన్నప్పుడు సాయంత్రం వెనకబడ్డ పిల్లలకు గంటసేపు విడిగా పాఠం చెప్పించేవారు, పైసా తీసుకునేవారు కాదు. రెండో ఆమె రాగానే అది ఆగిపోయింది, దాని బదులు స్మార్ట్ క్లాస్ ఫీజు వచ్చింది. మూడో ఆమె మళ్లీ మొదలుపెట్టారు. మీరు చూసి మురిసిపోయిన సిస్టరు మీ పాప మూడో తరగతికి వచ్చేసరికి ఝార్ఖండ్‌లోనో కేరళలోనో ఉండొచ్చు. పదేళ్ల చదువును ఒక మనిషి ముఖం చూసి నిర్ణయించుకోకూడదు.

ఉండిపోయేవాళ్లు టీచర్లు. మనలాంటి మామూలు టీచర్లు, ఊళ్లోనే ఇల్లున్నవాళ్లు, పదిహేను ఇరవై ఏళ్లుగా అదే తరగతికి అదే పాఠం చెబుతున్నవాళ్లు. స్కూలు స్వభావం వాళ్లలో ఉంటుంది. ఒకటో తరగతి టీచరు ఎన్నేళ్లుగా అక్కడున్నారో అడగండి. రెండో తరగతి టీచరు సంగతీ అడగండి. చిన్న తరగతుల టీచర్లు ఏటా మారుతున్నారంటే ఒక్కటే అర్థం, జీతం సరిపోవడం లేదు, లేదా మర్యాద లేదు. రెండూ పిల్లల మీద పడతాయి. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర అరగంట నిలబడండి. టీచరు బయటికి వస్తుంటే పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారా, చెయ్యి పట్టుకుని వెంట నడుస్తున్నారా చూడండి. ప్రాస్పెక్టస్‌లో ఉండనిది అక్కడ కనిపిస్తుంది.

ఇంకొకరు కూడా ఉంటారు, ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్లు. ఆయా. నా రెండో స్కూల్లో జరిగింది చెబుతాను. ఎల్‌కేజీలో కొత్తగా చేరిన ఒక తెలుగు పాప, తండ్రిది రైల్వేలో పని. మధ్యాహ్నం నుంచి ఏడుస్తూనే ఉంది. క్లాస్ టీచరుది సంబల్‌పూర్ వైపు, ఆమెకు తెలుగు ముక్క రాదు. ప్రిన్సిపాల్ సిస్టరుది కేరళ. ఇద్దరూ "క్యా హువా, క్యా హువా" అని అడుగుతున్నారు, పిల్ల "కడుపు" అనే ఒక్క మాటే పట్టుకుని ఏడుస్తోంది. నేను పై తరగతిలో ఉన్నాను, నాకు తెలీదు. వరండా తుడుస్తున్న ఆయా చీపురు పక్కన పడేసి, పిల్లను ఎత్తుకుని నేరుగా బాత్రూముకు తీసుకెళ్లింది. ఆమె కొంధు గిరిజన మనిషి. గుణుపురం సంతల్లో కూరగాయలు అమ్ముతూ నేర్చుకున్న తెలుగు ఆమెది. ఆ రోజు ఆ పిల్ల పరువు కాపాడింది ఆ తెలుగే. అందుకే చెబుతున్నాను, చిన్న తరగతుల వైపు తెలుగు అర్థమయ్యే మనిషి ఒక్కరైనా ఉన్నారో లేదో అడిగి తెలుసుకోండి. ఆయా అయినా పర్వాలేదు.

ఇప్పుడు మీ అత్తగారి భయం దగ్గరికి వద్దాం. దాన్ని కొట్టిపారేయకండి, పెద్దావిడ అడిగిన దానికి జవాబు ఉంది. రాజ్యాంగంలో 28(3) అధికరణం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో గానీ, ప్రభుత్వ సాయం తీసుకునే స్కూల్లో గానీ చదివే పిల్లల్ని, తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప, మత బోధనకో ఆరాధనకో రమ్మని బలవంతపెట్టకూడదు. 30వ అధికరణం మైనారిటీలకు సొంతంగా విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఈ రెండూ ఒకేసారి అమల్లో ఉంటాయి. ఒడిశాలో బలవంతంగా, ఆశచూపి మతం మార్చడాన్ని నేరం చేస్తూ 1967లోనే చట్టం వచ్చింది. చర్చి చట్టంలో కూడా, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప, తల్లిదండ్రుల్లో కనీసం ఒక్కరైనా ఒప్పుకోకుండా పసిపిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వకూడదు. మన దేశంలోని క్యాథలిక్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2024లో తమ స్కూళ్లకు మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, అన్ని మతాలవారికీ ఉపయోగపడే ప్రార్థన గది ఉంటే మంచిదని అందులో ఉంది. స్కూల్లో అది పాటిస్తున్నారా అని మీరు ధైర్యంగా అడగవచ్చు.

రోజూ జరిగేది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది. చాలా చోట్ల అది అందరికీ సరిపోయే దేవుడి ప్రార్థన, కొన్ని చోట్ల యేసు నేర్పిన పరలోక ప్రార్థన. పీరియడ్లలో క్యాథలిక్ పిల్లలకు సత్యోపదేశం (వాళ్ల మత పాఠాలు) ఉంటే, మిగతావారికి అదే సమయంలో వాల్యూ ఎడ్యుకేషన్ ఉంటుంది, అంటే అబద్ధం ఆడొద్దు, పెద్దలను గౌరవించు, చెట్టు నరకొద్దు లాంటివి. డిసెంబరులో పశువుల పాక పెడతారు, పాటలు నేర్పుతారు. చర్చి పూజ (మాస్) జరిగే రోజున దివ్యసత్ప్రసాదం (అక్కడ పంచే అప్పం) క్యాథలిక్కులు కానివారికి ఇవ్వరు, అది వాళ్ల నియమమే. మీ పాప ఇంటికొచ్చి క్రిస్మస్ పాట పాడుతుంది, ఖాయం. "మనింట్లో యేసు లేడేం?" అని కూడా అడుగుతుంది. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులో మట్టి బాలయేసును తెచ్చి, పెళ్లికూతురు బొమ్మకూ చెరుకు గడలకూ మధ్య పెట్టింది. అది బడిలో తనే చేసింది, ఒక చెయ్యి విరిగిపోయి ఉంది. మా అత్తగారు కాసేపు చూసి, దానికీ ఒక పసుపు బొట్టు పెట్టి, "పిల్ల చేసింది, ఉండనీ" అన్నారు. ఆ అమ్మాయికి ఇప్పుడు 31 ఏళ్లు. ఏటా కార్తీక మాసంలో ఉపవాసం ఉంటుంది.

మతం మారుస్తారా అన్న దానికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. బొట్టు పెట్టుకు రానిస్తారా? గాజులు, పువ్వులు? ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే చేతులు చూసి తిడతారా? అబ్బాయి అయ్యప్ప మాల వేసుకుంటే నల్ల బట్టలతో రానిస్తారా? స్కూలును బట్టి నియమాలు మారతాయి. కొన్ని చోట్ల ఏ గొడవా లేదు, కొన్ని చోట్ల యూనిఫాం పేరుతో గోరింటాకు కూడా వద్దంటారు. చేర్చిన తర్వాత గొడవపడేకంటే చేర్చే ముందే అడిగి, ఒప్పుకుంటేనే చేర్చండి. ఇంకోటి, సంక్రాంతికి ఆంధ్రలో ఇచ్చినట్టు అక్కడ వారం రోజులు సెలవు ఉండదు. ఒడియావాళ్ల రజ పండగకు, రథయాత్రకు సెలవులు ఉంటాయి. భోగి, కనుమలకు మీరు సెలవు చీటీ రాయాల్సిందే. అది ఇస్తారో లేదో కూడా అడగండి.

నా మనసును బాధపెట్టింది మతం కాదు, వేరేది. పేరు చెప్పను. నేను పనిచేసిన ఒక స్కూల్లో ఫీజు బాకీ ఉన్న నాలుగో తరగతి పిల్లల్ని, మూడు రోజులు పరీక్ష రాయనివ్వకుండా వరండాలో నిలబెట్టారు. గోడకు ఆనుకోకుండా నిలబడాలి. ఒక బాబు తన చెప్పుల తెగిన పట్టీని కాలి వేళ్లతో కదుపుతూ ఉన్నాడు, ఆ కాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. క్రీస్తు పేరుతో నడిచే చోట ఇది జరిగింది. నేను వెళ్లి అడిగాను, "ఆఫీసు విషయాల్లో జోక్యం వద్దు" అన్నారు. మరుసటి ఏడాది ఆ స్కూలు వదిలేశాను. అదే సభకు చెందిన ఇంకో స్కూల్లో, బాకీ పడ్డ తండ్రిని ఫాదర్ ఒక్కణ్ణే పిలిచి, టీ ఇచ్చి, "ఎప్పుడు కట్టగలరు?" అని అడిగేవారు. పిల్లకు ఆ సంగతే తెలియనిచ్చేవారు కాదు. క్యాథలిక్ స్కూలు అన్న పేరు ఒకటే, రెండు స్కూళ్లకూ మధ్య తేడా ఇంత ఉంటుంది.

అందుకే వెళ్లినప్పుడు ఈ రెండూ అడగండి. ఫీజు ఆలస్యమైతే ఏం చేస్తారు? హోంవర్క్ చేయకపోతే ఏం చేస్తారు? సలేసియన్ సభ స్కూళ్లకు, అంటే డాన్ బోస్కో పేరుతో ఉన్నవాటికి, ఒక పద్ధతి ఉంది. పిల్లవాడు తప్పు చేశాక శిక్షించడం కంటే, తప్పు చేయకుండా ముందే వెంట ఉండటం మేలని వాళ్ల వ్యవస్థాపకుడు నమ్మేవారు. తెలివి, విశ్వాసం, ప్రేమ అనే మూడింటి మీద అది నిలబడింది. ఆట స్థలంలో పిల్లలతో పాటు ఫాదర్ కూడా ఆడతారు. ఏ స్కూల్లోనైనా ఇంటర్వెల్‌లో ఒకసారి చూడండి, పెద్దవాళ్లు పిల్లల మధ్యలో ఉన్నారా, స్టాఫ్ రూముకే పరిమితమయ్యారా.

మనవైపు ఇంకొక విషయం ఉంది, ఊళ్లలో పెద్దగా మాట్లాడుకోరు. కొన్ని చోట్ల ఒకే ఆవరణలో రెండు బళ్లు ఉంటాయి. ఒకటి ఫీజు కట్టే పిల్లల ఇంగ్లిష్ మీడియం, ఇంకొకటి కొంధు, సవర పిల్లలు హాస్టల్లో ఉండి చదివే ఒడియా మీడియం. ఈ రెండింటి పిల్లలూ ఒకే మైదానంలో ఆడుకుంటున్నారా, మధ్యలో గోడ ఉందా? నా మటుకు నాకు, గోడ ఉన్న చోట పిల్లను వేయాలనిపించదు. సేవ చేయడానికే వచ్చామనే వాళ్లు ఎవరికి సేవ చేస్తున్నారో అక్కడ కనిపిస్తుంది. మీ పాప ఎలాంటి పిల్లల పక్కన కూర్చుని అన్నం తింటుందో కూడా చదువులో భాగమే.

పక్కింటి కుటుంబానికి నా మాట కాస్త వేరు. ఇది వాళ్లకు మీరు చూపించండి, ఏమనుకోరు. వాళ్లకు స్కూలు ఎంపికలో కొంత అదనపు అవకాశం ఉంది. క్యాథలిక్ పిల్లలకు సీట్లలో ప్రాధాన్యం, కొన్ని చోట్ల ఫీజు రాయితీ ఉంటాయి. విచారణ గురువు (ఊరి చర్చి ఫాదర్) దగ్గర ఉత్తరం తీసుకుంటే పని తేలికవుతుంది. అయితే బాబును ఆ స్కూల్లో వేశాం కాబట్టి విశ్వాసం వాళ్లే నేర్పిస్తారు అనుకుంటే పొరపాటు. 1965 అక్టోబరు 28న క్యాథలిక్ బిషప్పులందరూ కూడిన వాటికన్ రెండవ మహాసభ విద్య గురించి ఒక ప్రకటన చేసింది. పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులే అని అందులో స్పష్టంగా ఉంది. రాయగడలో సత్యోపదేశం ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో జరుగుతుంది. బాబు మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునే నాటికి ప్రార్థనలు ఒడియాలో అప్పజెబుతాడు, వాళ్ల అమ్మమ్మ తెలుగులో జపమాల చెబితే పక్కన కూర్చుని వెర్రిచూపులు చూస్తాడు. నా సహోద్యోగి ఇంట్లో ఇదే జరిగింది, ఆవిడ ఎంత బాధపడిందో. సాయంత్రం కుటుంబ ప్రార్థన తెలుగులోనే చేసుకోమని చెప్పండి.

భాష సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను, మీ విషయంలో మతం కంటే పెద్ద సమస్య ఇదే. మా చిన్నప్పుడు పర్లాకిమిడి, బరంపురంలో తెలుగు మీడియం బళ్లు ఉండేవి. ఇప్పుడు ఆ అలవాటు తగ్గిపోయింది. సీబీఎస్‌ఈ జాబితాలో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది. కానీ స్కూల్లో టీచరు లేకపోతే జాబితాలో ఉండి ఏం లాభం? మీ స్కూల్లో ఇంగ్లిష్, హిందీ, ఒడియా ఉంటాయి. మీ పాప మూడు లిపులు నేర్చుకుంటుంది, తెలుగు లిపి మాత్రం ఎవరూ నేర్పరు. ఒడియా బాగా నేర్పండి, అది ఆ ఊరి భాష. సంతలో, ఆసుపత్రిలో, రేపు ఉద్యోగంలో అదే పనికొస్తుంది. ఒడియాను చులకనగా చూసే తెలుగు ఇళ్లు కొన్ని ఉన్నాయి, అలా చేయకండి. కానీ తెలుగు చదవడం, రాయడం ఇంట్లోనే మొదలవ్వాలి. ఆరేళ్లకు ఒడియా గుండ్రాలు, మన గుండ్రాలు కలగాపులగం అవుతాయని కొందరు భయపడతారు. నేను చూసినంతలో ఆర్నెల్లు గడిస్తే పిల్లలు వాటిని విడివిడిగా పట్టేస్తారు.

మీవారికి పార్వతీపురం మీద ఎందుకు మనసుందో ఊహించగలను. రేపు ఆంధ్రలో ఇంజినీరింగ్, మెడిసిన్ సీటుకు లోకల్ కావాలని. ఆ ఆలోచన తప్పు కాదు. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన నియమాల్లో, లోకల్ అని లెక్కేయడానికి సాధారణంగా చూసేది అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగేళ్ల చదువు. అంటే తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్లు. ఒకటో తరగతిలో వేయడం వల్ల దానికేం కలిసిరాదు. ఈ నిర్ణయం ఎనిమిదో తరగతి చివర్లో తీసుకోవాల్సింది. అప్పటి నియమాలు మళ్లీ చూసుకుని, అవసరమైతే అప్పుడు పంపండి. ఇప్పుడు ఆ పిల్లను కొండ మలుపుల్లో పొద్దున్నే వాంతులు చేసుకుంటూ ప్రయాణం చేయించకండి. ఆ మూడు గంటలు పిల్ల ఆడుకోవాల్సిన సమయం, నిద్రపోవాల్సిన సమయం. చిన్నతనంలో హాస్టల్ అన్నా నా జవాబు ఇదే, పదేళ్ల లోపు వద్దు.

మహారాష్ట్రలో చాందా (చంద్రపూర్), బల్లార్షా, సిరోంచ వైపున్న తెలుగువాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. మా చెల్లెలు బల్లార్షాలో ఉంటుంది కాబట్టి కొంత తెలుసు. అక్కడి చాందా మేత్రాసనం కేరళ సీరో మలబార్ చర్చిది (అది క్యాథలిక్కుల్లోనే ఒక శాఖ), 1962లో మొదలైంది. మన ఆదిలాబాద్ మేత్రాసనం 1999లో దాన్నుంచే విడిపోయింది. స్కూళ్లు ఎక్కువగా కేరళలో పుట్టిన సీఎంఐ సభ గురువులు నడుపుతారు. ఆ సభ వ్యవస్థాపకుల్లో ఒకరైన చావరా గురువు కేరళలో ప్రతి చర్చి పక్కనా బడి ఉండాలని పట్టుబట్టిన మనిషి. 2014లో ఆయన్ను పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. అక్కడ ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది. 2020 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా ఒకటి నుంచి పది వరకు మరాఠీ చెప్పాలి. తెలుగు సంగతి అక్కడా ఇంట్లోదే.

అక్కడివాళ్లకు ఒక జాగ్రత్త ముఖ్యం. కుల ధ్రువపత్రానికి, తర్వాత దాన్ని సరిచూసేటప్పుడు, ఎస్సీలకు 1950కి ముందు నుంచి, ఓబీసీలకు 1967కి ముందు నుంచి కుటుంబం మహారాష్ట్రలో ఉన్నట్టు పాత కాగితం అడుగుతారు. చాలామందికి తాతల బడి దాఖలాయే దిక్కు. ఇక్కడా అదే జాగ్రత్త వర్తిస్తుంది. ప్రవేశ ఫారంలో మతం, కులం గడులు మీరే రాయండి, ఆఫీసువాళ్లకు వదిలేయకండి. ఒక స్కూల్లో హిందూ ఎస్సీ కుటుంబం బాబుకు మతం గడిలో "క్రైస్తవం" అని పడిపోయింది. పదో తరగతి అయ్యాక టీసీలో అది బయటపడింది. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉంది కాబట్టి, ఒక్క మాటను దిద్దించుకోవడానికి ఆ తల్లిదండ్రులు ఆరు నెలలు తిరిగారు. క్యాథలిక్ స్కూల్లో చదవడం వల్ల కులం మారదు, మతం మారదు. కాగితం మీద తప్పు పడితే మాత్రం బాధ తప్పదు.

డబ్బు గురించి కొద్దిగా. విద్యా హక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లు 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మైనారిటీ స్కూళ్లకు వర్తించవు. ఆ ఆశతో వెళ్లకండి. రాయితీ కావాలంటే నేరుగా ప్రిన్సిపాల్‌ను అడగాలి. అడగడంలో తప్పు లేదు, చాలామందికి ఇస్తారు. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి లెక్క వేసుకోకండి. ప్రవేశ రుసుము, పుస్తకాలు, యూనిఫాం, బస్సు, కంప్యూటరు, వార్షికోత్సవం, అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇమ్మనండి. సీబీఎస్‌ఈ స్కూలైతే తన వెబ్‌సైట్‌లో టీచర్ల వివరాలు, ఫలితాలు, ఫీజులు, భద్రతా పత్రాలు తప్పనిసరిగా పెట్టాలి. గుర్తింపు నంబరు అక్కడే ఉంటుంది. సెక్షన్‌కు 40 మంది అన్నది బోర్డు నియమం. ఒకటో తరగతి గుమ్మంలోంచి బెంచీలు లెక్కపెడితే తెలిసిపోతుంది. పిల్లల భద్రతకు ఎవరు బాధ్యులో, ఫిర్యాదు ఎవరికి చేయాలో కూడా అడగండి. ఫాదర్ స్కూలు కదా అని ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. మంచి స్కూలైతే ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పాపకు కూడా నేర్పండి.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, ఆ సిస్టర్ల స్కూల్లో ఒకటో తరగతి టీచరు పాతమనిషి అయి ఉండి, బొట్టుకు అభ్యంతరం లేకపోతే, అక్కడే చేర్చండి. చూడటానికి వెళ్లేటప్పుడు మీవారితో పాటు అత్తగారినీ తీసుకెళ్లండి. ఆవిడను సిస్టరుతో మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో దూరకండి. ఆవిడ మనసులో ఉన్న ప్రశ్న ఆవిడే అడగాలి. తిరిగొచ్చాక ఆవిడకు ఒక పని అప్పగించండి. సాయంత్రం పాలు తాగాక, టీవీ పెట్టకముందు, ఇరవై నిమిషాలు పాపకు పలక మీద తెలుగు దిద్దించాలి. మొదటి నెల అచ్చులు చాలు. మా అత్తగారు బియ్యం పోసిన పళ్లెంలో మనవరాలి వేలు పట్టుకుని "అ" దిద్దించేవారు. తప్పు పోతే పళ్లెం అటూ ఇటూ ఊపి, బియ్యం మళ్లీ సమంగా పరిచి, "ఇప్పుడు మళ్లీ రాయి" అనేవారు.